మంజూరైన మంట

"ఇందుమూలంగా యావన్మంది నివాసులకు తెలియజేయడమేమనగా, వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు మన భవనంలో అగ్నిప్రమాదం జరుగును. కావున అందరూ సకుటుంబంగా పాల్గొని ప్రమాదాన్ని జయప్రదం చేయవలసిందిగా కోరుతున్నాము. మంట అనంతరం టీ ఇవ్వబడును. ఇట్లు, కార్యదర్శి."

లిఫ్టు పక్కన అంటించిన ఈ ప్రకటన చదివి ఎవరూ ఉలిక్కిపడలేదు. ఆ ఐదంతస్తుల భవనంలో చదువుకున్నవాళ్ళే ఎక్కువ. చదువుకున్నవాళ్ళు కనుక అందులోని లోపాన్ని ఇట్టే పట్టేశారు. టీతో పాటు బిస్కట్లు ఉంటాయో లేదో రాయలేదు. సాయంత్రానికల్లా కార్యదర్శి చేత "మరియు బిస్కట్లు" అని చేర్పించేదాకా వాళ్ళు నిద్రపోలేదు.

నాలుగో అంతస్తు హలో పిన్ని ఒక్కతే ఆ ప్రకటన ముందు చాలాసేపు నిలబడింది. కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని మళ్ళీ చదివింది. "ఆదివారం దాకా ఎందుకు, ఆ మంటేదో శనివారమే పెట్టుకోకూడదూ? ఒక రోజు కలిసొచ్చేది," అని గొణుక్కుంది. ఎవరి తొందర వాళ్ళది.

హలో పిన్ని టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. ఇద్దరు మనుషుల్ని తీగ మీద కలపడం, సమయం కాగానే విడదీయడం ఆమె ఉద్యోగం. కలిపినవాళ్ళెవరూ ఆమెకు గుర్తులేరు. విడదీసినవాళ్ళు మాత్రం ఇంకా చెవిలోనే ఉన్నారు. "ఇంకొక్క మాట తల్లీ, ఒక్కటే మాట" అని బతిమాలిన గొంతులు. అందుకేనేమో, ఎవరైనా గుమ్మం దాటి వెళుతుంటే పిన్ని వీధి మలుపు దాకా వెంట వెళుతుంది. గ్యాసు కట్టేశానా అని వీధి చివరి నుంచి తిరిగొచ్చి చూస్తుంది. చూశానా లేదా అని మళ్ళీ తిరిగొస్తుంది. ఇలాంటి మనిషికి అగ్నిప్రమాదం కోసం ఎదురుచూసే గతి పట్టిందంటే, అది మన సంస్థలు సాధించిన ఘనవిజయం కాక మరేమిటి?

పిన్నికి ఒక అక్క ఉంది. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చేరే ఊళ్ళో, మెట్లు లేని ఇంట్లో ఒక వాటాలో ఉంటుంది. పక్క వాటా అమ్మకానికొచ్చింది. "నువ్వు అక్కడ గోడతో, నేనిక్కడ గోడతో మాట్లాడుకోవడం దేనికే? వచ్చెయ్యి. మధ్యలో ఒక్క గోడే ఉంటుంది, అరిస్తే వినపడుతుంది," అంది అక్క. అక్క మోకాళ్ళు మెట్లెక్కవు కాబట్టి దిగవలసింది చెల్లెలే. పిన్నికి ఈ ఫ్లాటు తప్ప వెనకేసుకున్నది లేదు. ఇది అమ్మితేనే అది కొనాలి.

ఇందులో తొందరేముందీ అంటే, ఉంది. అక్క రోజూ పొద్దున్నే రెండు గ్లాసుల్లో టీ పోస్తుందట. ఒకటి తనకి, రెండోది రాబోయే చెల్లెలికి. అక్క ఎదురింటావిడ ఈ ముచ్చట ఫోన్లో చెప్పి నవ్వేది. ఈమధ్య నవ్వడం మానేసింది. "నిన్న మీ అక్కగారు రెండో గ్లాసు పట్టుకుని, ఇది ఎవరికి పోశానమ్మా అని నన్నడిగారండీ," అంది. ఆ రోజు నుంచీ పిన్నికి అన్నం సహించడం లేదు. అక్క ఆ గ్లాసు ఎవరిదో పూర్తిగా మర్చిపోకముందే అక్కడికి చేరాలి. ఆమె కోరిక అంతే. అంత చిన్న కోరిక కాబట్టే అన్ని కార్యాలయాలు కలిసికట్టుగా పనిచేయవలసి వచ్చింది.

కొనడానికి మనుషులు దొరికారు. ఆసుపత్రిలో నర్సు, ఆమె భర్త. ఫ్లాటు చూశారు, వంటింటి కిటికీ చూశారు, నచ్చిందన్నారు. బ్యాంకు అప్పు కూడా ఇస్తానంది. తీరా సంతకాల రోజున అప్పుల ఆఫీసరు కలం మూత పెట్టేశాడు.

"ఫ్లాటు బావుందమ్మా. కానీ అంటుకుంటే?"

"కట్టినప్పట్నించీ ఎన్నడూ అంటుకోలేదు నాయనా."

"మా భయమూ అదేనండీ. ఇంతకాలం అంటుకోలేదంటే, ఇక ఏ రోజైనా అంటుకోవచ్చన్నమాట. భవనానికి అగ్ని భద్రతా ధ్రువపత్రం తెండి."

"నేను అమ్మేది ఒక్క ఫ్లాటే కదా?"

"మంట మీ ఫ్లాటు నంబరు చూసి ఆగుతుందా అమ్మా?"

 పిన్ని జవాబు చెప్పబోయేసరికి వినడానికి ఆఫీసరు లేడు. భోజనానికి వెళ్ళిపోయాడు.

ధ్రువపత్రాలిచ్చే కార్యాలయం మూడో అంతస్తులో ఉంది. భద్రత అంటే ఆ కార్యాలయానికి ఎంత మమకారమంటే, భద్రతా దస్త్రాలను గదుల్లో ఉంచడానికి మనసొప్పక మెట్ల మీదే రెండు పక్కలా పేర్చుకుంది. మధ్యలో పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి ఎక్కాలి. గుమ్మం దగ్గర ఎర్ర సిలిండరొకటి గాలికి తలుపు పడిపోకుండా అడ్డం పెట్టి ఉంది. నమ్మకంగా పనిచేస్తోంది.

అగ్ని అధికారి పిన్నిని కూర్చోమన్నాడు. మర్యాదస్తుడు.

"గతంలో అగ్నిప్రమాదం జరిగినప్పుడు మీ భవనం ప్రవర్తన ఎలా ఉంది?"

"జరగలేదు నాయనా."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా," అంది పిన్ని గర్వంగా. గర్వపడకుండా ఉండవలసిందని ఆయన మొహం చూడగానే తెలిసింది.

"మరి మీ భవనం బుద్ధిమంతురాలని నాకెలా తెలుస్తుందమ్మా? పరీక్షకే కూర్చోని పిల్లాణ్ణి పాసు చెయ్యమంటారా?"

"పోనీ, కాలిపోయిన భవనాలకి ఇస్తారా?"

"వాటికివ్వడం చాలా తేలిక. అన్ని సంగతులూ బయటపడిపోతాయి. కాకపోతే, అడగడానికి ఎవరూ రారు." అధికారి ఆ మాట నిజంగా బాధపడుతూ అన్నాడు. "ఒక పని చెయ్యండి. ముందు వెనక మెట్లు రెండూ ఖాళీగా ఉండాలి, అది నేనొచ్చి చూస్తాను. తర్వాత మా అనుమతితో ఒక చిన్న మంట పెట్టుకోండి. గంట మోగాలి. భవనం ఎలా నడుచుకుంటుందో కళ్ళారా చూసి రాసిస్తాను. అన్నట్టు, దరఖాస్తు పెట్టినవారు ఇదంతా అయ్యేదాకా ఊరు దాటకూడదు. మీరు లేనప్పుడు అంటుకుంటే బాధ్యులెవరు?"

ఇల్లమ్మి వెళ్ళిపోదామనుకున్న మనిషి, ఇల్లమ్మేదాకా కదలకూడదని తెలుసుకుని మెట్లు దిగింది. మళ్ళీ పక్కకి తిరిగి.

భవనం కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షుల వారు సభను అలంకరించారు. ఒకానొక సమావేశానికి రాకపోవడం వల్ల ఆయన్ని అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. అప్పట్నించీ ఆయన ఏ సమావేశమూ మానడం లేదు.

"సోదర సోదరీమణులారా! మన భవనం లేచి ఇన్నేళ్ళయినా ఒక్క మంటకి కూడా నోచుకోలేదు. ఇది గర్వకారణమని నేనూ ఒకప్పుడు భ్రమపడ్డాను. ఇవాళ కళ్ళు తెరుచుకున్నాయి. ఒక్క పిన్నిగారే కాదు, మనలో ఎవరూ, మళ్ళీ చెబుతున్నాను, ఎవ్వరూ, తమ ఫ్లాటు అమ్ముకోలేరు!"

సభ గతుక్కుమంది. అప్పటిదాకా ఎవరికీ అమ్మే ఉద్దేశం లేదు. అమ్మడానికి వీల్లేదని తెలిశాక ఆ పూటే అమ్మేసి పోవాలన్నంత విరక్తి ఇంటింటా పుట్టింది. మంట కావాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఎవరింట్లో పెట్టాలన్న దగ్గర మర్యాదలు మొదలయ్యాయి. మూడో అంతస్తు దర్జీ, "మా ఇంట్లో అన్నీ గుడ్డలేనండీ. ఒకసారి అంటుకుంటే ఆరదు. అంత గౌరవం మాకొద్దు, పెద్దవారు మాస్టారింట్లో పెట్టండి," అన్నాడు. రెండో అంతస్తు రిటైర్డు హెడ్మాస్టారు, "నా ఇంటి నిండా పుస్తకాలయ్యా. అయినా మొన్ననే సున్నం వేయించాను," అన్నారు. చివరికి అందరి చూపులూ పిన్ని మీదికి తిరిగాయి. లాభం ఎవరిదో మంట వాళ్ళదేనన్నారు.

"అమ్ముకునే ఇంట్లోనే నిప్పు పెట్టుకోమంటారా? బాగానే ఉంది వరస!" అంది పిన్ని. 

నర్సూ, ఆమె భర్తా కాలిన ఫ్లాటు కొనరన్న సంగతి అధ్యక్షుల వారికి తట్టింది. కింద వాకిట్లో ఇనప డ్రమ్ములో మంట పెట్టుకోవడానికి అనుమతి కోరారు. కార్యాలయం పెద్దమనసుతో మంజూరు చేసింది. "మంట నడుము ఎత్తు మించరాదు. ఎవరి నడుము అన్నది తర్వాత తెలియజేయబడును." ఆ తర్వాత ఎన్నిసార్లడిగినా తెలియజేయబడలేదు. కమిటీ తనంతట తనే కార్యదర్శి నడుమును ఆమోదించింది.

ఇక మిగిలింది మెట్లు.

ఆ భవనానికి ముందు మెట్లూ ఉన్నాయి, వెనక మెట్లూ ఉన్నాయి. వెనక మెట్లు ఆపదలో పారిపోవడానికి కట్టినవి. ఆపద రానందువల్ల అవి ఊరికే పడి ఉండడం చూడలేక నివాసులు సామాన్లు పెట్టుకున్నారు. అక్కడొక ఆనవాయితీ ఏర్పడింది. భవనం విడిచి వెళ్ళిపోయే ప్రతివాళ్ళూ లారీలో పట్టని వస్తువొకటి వెనక మెట్ల మీద పెట్టి, "రెండ్రోజులు ఉండనీండి, వచ్చి పట్టుకెళతాం," అంటారు. ఆ రెండ్రోజులు ఇంతవరకూ ఎవరికీ పూర్తికాలేదు. వెళ్ళినవాళ్ళే కాదు, ఉన్నవాళ్ళూ అదే మాట మీద చెప్పుల అరలు, చిరిగిన పరుపులు, మూడు కాళ్ళ కుర్చీలు చేర్చారు.

కార్యదర్శి అంతస్తంతస్తుకీ వెళ్ళి అడిగాడు. "ఈ పరుపు ఎవరిది?"

"ఎవరిదో మరి."

"ఈ చెప్పుల అర?"

"ఎవరిదో మరి." అంటున్నవాడి చెప్పులు ఆ అరలోనే ఉన్నాయి.

పిన్నికి మాత్రం ప్రతిదీ తెలుసు. ఈ ఉయ్యాల, బిడ్డ పుట్టిన ఏడాదికే ఎటో బదిలీ అయిపోయిన మొదటి అంతస్తు జంటది. వెళ్ళే రోజు ఆ పిల్ల తల్లి పిన్ని భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆ చంకకర్రలు కాలు బాగుపడి నడుచుకుంటూ వెళ్ళిపోయిన డ్రైవరువి. తాళం పడ్డ ఆ పెట్టె పాటల టీచరుది. వెళ్ళేటప్పుడు ఆమె ఎవరికీ చెప్పను కూడా చెప్పలేదు. "పారేద్దాం పిన్నీ," అన్నాడు కార్యదర్శి. "అయ్యో, వాళ్ళొచ్చి అడిగితేనో?" అంది పిన్ని, వాళ్ళు రారని అందరికన్నా బాగా తెలిసిన మనిషి.

పారేయనూ లేరు, ఇంట్లో పెట్టుకోనూ లేరు. అప్పుడు అధ్యక్షుల వారి మేధస్సు మెరిసింది. "అధికారికి ఎన్ని కళ్ళున్నా ఒకసారి ఒక మెట్లే చూడగలడు. ముందు మెట్లెక్కేటప్పుడు సామాను వెనక ఉంటుంది. పైన మా ఇంట్లో టీ తాగుతుండగా గంట కొడతాం. టీ అయ్యేలోపు సామానంతా వెనక నుంచి ముందుకు పోవాలి. ఆయన వెనక మెట్లు దిగి వెళతాడు. ఆయన రాసుకునేది నిజమే. మనం చూపించేదీ నిజమే. ఇందులో అబద్ధమెక్కడుంది?"

సభ చప్పట్లు కొట్టింది. గంట కూడా కొన్నారు. మూతబడిన బడి నుంచి వచ్చిన కరెంటు గంట. అది మోగగానే హెడ్మాస్టారు తెలియకుండానే లేచి నిలబడేవారు. ఇక సాధన మొదలైంది. రోజూ సాయంత్రం గంట మోగేది. ఒకసారి మోగితే వెనక సామాను ముందుకి, మళ్ళీ మోగితే ముందుది వెనక్కి. ఆ భవనం ఎన్నడూ ఎరగని ఐకమత్యం అప్పుడు చూడాలి! పలకరించుకోనివాళ్ళు ఒకరి పరుపు కొసలు ఒకరు పట్టుకున్నారు. కోర్టుకెక్కిన రెండు కుటుంబాలు ఒకే బీరువాని చెరో పక్కా మోశాయి. మొదట్లో టీ రెండుసార్లు వేడిచేసుకోవలసి వచ్చేది. వారం తిరిగేసరికి అధ్యక్షుల వారు గ్లాసు కింద పెట్టేలోపే వెనక మెట్లు అద్దంలా మెరిసేవి. ఆ మెట్ల కిటికీలోంచి ఎండ పడుతుందని పిన్ని మొదటిసారి చూసింది.

అధికారి వచ్చాడు, ముందు మెట్లెక్కాడు, టీ తాగాడు. గంట మోగింది. "అదేమిటి?" అన్నాడు. "పనిచేస్తోందా లేదా అని చూస్తున్నాం," అన్నారు అధ్యక్షుల వారు. గోడ అవతల దబదబా పరుగులు. "అది?" "మా నివాసుల ఉత్సాహం." అధికారి వెనక మెట్లు దిగి, రెండు దారులూ నిర్మలంగా ఉన్నాయని రాసుకుని వెళ్ళాడు. మిగిలింది మంటే.

దానికి రోజు దొరకడానికి వానలన్నీ కురిసి వెలిసిపోవలసి వచ్చింది. ఈలోపల అక్క ఫోను రోజూ ఒకే మాటతో మొదలయ్యేది. "బయల్దేరావా?"

"ఇంకా లేదక్కా. మంట కావాలి."

"మంటేమిటే? స్టవ్ పాడైందా?"

"కాదక్కా..." అని పిన్ని అంతా మొదట్నించీ చెప్పేది. అక్క ఊ కొట్టి, చివర్న, "సరే గానీ, బయల్దేరావా?" అనేది. పోనుపోనూ ఆ ప్రశ్న కూడా ఒక్కో రోజు రావడం లేదు. ఆ రోజుల్లో పిన్ని గ్యాసు చూడటానికి కూడా లేచేది కాదు.

ఆదివారం వచ్చింది. వాకిట్లో కుర్చీలు వేశారు. గేటుకి అధికారి గౌరవార్థం వెదురు కర్రలతో, రంగు గుడ్డతో స్వాగత ద్వారం కట్టారు. అది ఎంత అందంగా కుదిరిందంటే ఫైరింజను దాని కిందినుంచి దూరలేకపోయింది. "తీసేయండి సార్, లోపలికి రావాలి," అన్నాడు ఇంజను డ్రైవరు. "ఫోటో అయ్యేదాకా ఆగవయ్యా," అన్నారు అధ్యక్షుల వారు. ఇంజను వీధిలో ఆగింది. ఎర్ర బకెట్లలో ఇసక లేదు. పైన నీళ్ళ తొట్టికి ఎర్ర రంగు ఆరలేదని నీళ్ళు పట్టలేదు. నివాసులంతా ఎవరిళ్ళల్లో వాళ్ళుండి, గంట మోగగానే కిందికి దిగాలని ఆజ్ఞ. పిన్ని రెండు చీరలూ మందుల డబ్బా ఉన్న సంచి భుజానికి తగిలించుకుని తలుపు దగ్గరే నిలబడింది. మంట అబద్ధమైనా భయం నిజమే కదా.

కార్యదర్శి డ్రమ్ములో నిప్పు వేశాడు. మంట బుద్ధిగా ఆయన నడుము దాకా లేచి ఆగింది. అధ్యక్షుల వారు మైకు తీసుకున్నారు. "నేడు సుదినం! ఈ మంట మన భవన చరిత్రలో..." గంట మోగింది.

ఒక్కరూ కిందికి దిగలేదు.

వాళ్ళ తప్పేమీ లేదు. గంట మోగితే దిగాలని వాళ్ళకి కాగితం మీద చెప్పారు. గంట మోగితే సామాను మోయాలని కాళ్ళకీ చేతులకీ నేర్పారు. ప్రతి తలుపూ తెరుచుకుంది. ప్రతివాళ్ళూ దొరికింది ఎత్తుకున్నారు. చిక్కేమిటంటే, అధికారి మెట్లు చూసి వెళ్ళాక సామానులో సగం వెనక్కి చేరింది, సగం బద్ధకం కొద్దీ ముందే ఉండిపోయింది. ముందు సామాను వెనక్కి, వెనక సామాను ముందుకి బయల్దేరాయి. ప్రతి అంతస్తులోనూ వరండా మధ్యలో ఎదురుపడ్డాయి.

"జరగండి మాస్టారూ! మేం ముందుకి పోవాలి!" అరిచాడు దర్జీ పరుపు కిందినుంచి.

"గంట మోగితే ముందువి వెనక్కి పోవాలయ్యా!"

"అది మొన్నటి గంట! ఇది ఇవాళ్టిది!"

"గంటకి మొన్నా ఇవాళా ఏమిటయ్యా? జన్మంతా గంట కింద బతికినవాణ్ణి, నాకు చెబుతావా నువ్వు?"

పిన్ని ఎలాగో మూడో అంతస్తు దాకా దిగి, ఉయ్యాలకీ బీరువాకీ మధ్య ఇరుక్కుపోయింది. పైకి దారి లేదు, కిందికి లేదు. సంచిలో ఫోను మోగింది.

"ఏమిటే ఆ గోల?" అక్క.

"మంట పెట్టారక్కా! ఇవాళే!" పిన్ని గొంతులో సంతోషం. "అందరూ సామాన్లు మోస్తున్నారు."

"సామాన్లు మోస్తున్నారా? అయితే బయల్దేరినట్టేగా," అంది అక్క తృప్తిగా, ఫోను పెట్టేసింది.

అప్పటికి దర్జీ భార్య ఓపిక అయిపోయింది. "ఎంతసేపు నెత్తిన మోస్తావయ్యా? అవతల పారెయ్!" అంటూ పరుపుని వరండా పిట్టగోడ మీదినుంచి కిందికి తోసింది. అది తిన్నగా వెళ్ళి డ్రమ్ము మీద పడింది. దారి దొరికింది కదా అని అందరూ అదే పని చేశారు. కుర్చీలు, అరలు, చంకకర్రలు, పాటల టీచరు పెట్టె. ఉయ్యాలని తీసుకుంటున్నప్పుడు మాత్రం, "అది వద్దు, ఆ పిల్ల తల్లి..." అని పిన్ని చెయ్యి చాపింది. ఉయ్యాల అప్పటికే గాల్లో ఉంది. కడసారి ఒక్క ఊపు ఊగింది.

"నడుము దాటింది! నడుము దాటింది!" అని కార్యదర్శి అరుస్తూ పరుగెత్తాడు. అధికారి అనుమతి కాగితంలో నడుము దాటితే ఏం చేయాలో వెతికాడు. మంట కార్యదర్శి నడుము దాటి, అధ్యక్షుల వారి హోదా దాటి, స్వాగత ద్వారాన్ని అందుకుంది. గుడ్డ భగ్గుమంది. ద్వారం కూలింది. దాంతో ఫైరింజను దర్జాగా లోపలికొచ్చింది. మంటలార్పే బండికి దారిచ్చిన మంటను అంతకుముందెవరూ చూసి ఉండరు.

ఎవరికీ చిన్న గాయం కూడా కాలేదు. మెట్లు ఖాళీ అయ్యాయి గనక జనం అప్పుడు దిగారు, బూడిద చుట్టూ చేరి గుండెలు బాదుకున్నారు. "మా అమ్మమ్మ పరుపండీ అది!" "నా టేకు అర!" "మూడు కాళ్ళైతేనేం, మా నాన్న కూర్చున్న కుర్చీ!" వానలకు ముందు ఎవరివీ కాని వస్తువులకి కాలిపోయాక ఒక్కోదానికి ఇద్దరేసి వారసులు తేలారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికొకడు. టీ పోసే మనిషి అంత అల్పుడు కాదు. చల్లారిన కెటిల్‌ని నిప్పుల మీద పెట్టి, "ఏడ్చేవాళ్ళు ముందు తాగేయండి బాబూ, మళ్ళీ చల్లారుతుంది," అన్నాడు.

అగ్ని అధికారి రాసిచ్చిన ధ్రువపత్రం ఇప్పటికీ శాఖలో ఆదర్శంగా చూపిస్తారు. "ఈ భవన నివాసులు ప్రాణాల కన్నా ముందు దారిని కాపాడుకున్నారు. అడ్డంకులను మంటే స్వయంగా తొలగించినది. కాలదగినవన్నీ కాలిపోయినందున ఈ భవనం సురక్షితమని ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది." కమిటీ దాన్ని నిలువెత్తు చెక్క ఫ్రేములో కట్టించింది. అంత పెద్ద ఫ్రేముకి వేరే గోడ సరిపోక వెనక మెట్ల తలుపుకి కింది అంతస్తులో అడ్డంగా మేకులు కొట్టి బిగించారు. తలుపు తీయాలంటే కొంచెం వంగి దాని కిందినుంచి దూరాలి. అంతే.

బ్యాంకు ఆఫీసరు నకలు చదివి సంతోషించాడు. "చూశారా అమ్మా, ఒకసారి కాలితే ఎంత నమ్మకం వస్తుందో!" అప్పు మంజూరైంది. నర్సు తాళాలు తీసుకుంది. అక్క పక్క వాటా ఖాయమైంది.

పిన్ని బయల్దేరే రోజు వచ్చింది. సామాను వెళ్ళిపోయింది, ఒక్క నవారు మంచం తప్ప. పిన్ని వాళ్ళాయన పోయినప్పటి నుంచీ దాని మీద ఎవరూ పడుకోలేదు. నర్సు వద్దంది. అక్క పక్క వాటాలో పట్టదు. లారీవాడు ఎక్కించుకోనన్నాడు. అమ్మితే ఎవరు కొంటారు? పారేయడమన్న మాట పిన్ని తలుచుకోనైనా లేదు. మెల్లగా మంచాన్ని ఈడ్చుకుంటూ వెనక మెట్ల దాకా తెచ్చింది. మలుపులో కిటికీ ఎండ పడుతోంది. ఖాళీగా, విశాలంగా, ఎంత బోసిగా ఉందో ఆ చోటు! మంచాన్ని గోడకి ఆనించింది. మంచం కోళ్ళని కొంగుతో తుడిచింది.

"రెండ్రోజులు ఉండనీ," అంది, ఎవరితోనో.

మూడు మలుపులు దిగేసరికి పైన టక్కున చప్పుడైంది. మంచం పక్కన ఎవరో చెప్పుల అర పెట్టారు. పిన్ని కింది తలుపు దగ్గర వంగి, ధ్రువపత్రం కిందినుంచి దూరి బయటపడింది.

మర్నాడు తెల్లవారేసరికి పిన్ని అక్క వరండాలో ఉంది. అక్క చిక్కిపోయింది. స్టూలు మీద రెండు గ్లాసులు, రెండింట్లోంచీ ఆవిరి.

"రెండోది ఎవరికక్కా?" అని పిన్ని సంచి దించకుండానే అడిగింది.

అక్క గ్లాసు వంక చూసింది, వీధి వంక చూసింది. "ఎవరికో మరి. ఎవరో వస్తామన్నారు, రాలేదు. నువ్వు తాగేయ్, చల్లారుతుంది."

పిన్ని కూర్చుని తాగింది. ఒక్క గుక్కకే గ్లాసు దించి మొహం పక్కకి తిప్పుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చక్కెర తక్కువైందని మూతి తిప్పుతావేం?" కసిరింది అక్క. "చిన్నప్పట్నించీ ఇదే తంతు నీది." లేచి లోపలికెళ్ళి చక్కెర డబ్బా తెచ్చింది. ఎందుకు తెచ్చిందో మర్చిపోయి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిన్ని తనే ఒక చెంచా వేసుకుంది. అక్క గుర్తుపట్టిన చెల్లెలిగా ఆమెకు ఒక్క నిమిషం దొరికింది. ఎక్స్ఛేంజిలో అంతకన్నా ఎక్కువ ఇవ్వడానికి ఆమెకే ఏనాడూ అధికారం ఉండేది కాదు.

నాలుగు రోజులకి అధ్యక్షుల వారి ఫోను వచ్చింది. మూడో అంతస్తు ఫ్లాటు బేరానికొచ్చిందట. ఈసారి మరో బ్యాంకు, మళ్ళీ కొత్త ధ్రువపత్రం కావాలందట. అంటే మళ్ళీ మంట. వెనక మెట్ల మీద చూడబోతే అప్పుడే అడుగు పెట్టే సందు లేదట. "మలుపులో ఒక నవారు మంచం ఉంది పిన్నీ. అక్కడే మొదలైంది ఇదంతా. పాతకాలం మనిషివి, నీకు తెలియకుండా ఉండదు. ఎవరిదంటావ్?"

పిన్ని అక్క వంక చూసింది. అక్క రెండో గ్లాసు కడుగుతోంది.

"ఎవరిదో మరి," అంది పిన్ని.

ఆమెను తప్పుపట్టదలచిన పాఠకులు ముందుగా లేచి, తలుపు తీసి, తమ మెట్ల వైపు ఒక్కసారి చూసి రావలసిందిగా మనవి. అక్కడున్నది మీది కాదని మాకు తెలుసు. రెండ్రోజుల్లో తీసేస్తారనీ తెలుసు.